గడ్డకట్టిన కొలిమి

తాన్ షౌచెంగ్ మాలాంటి పనివాళ్ళను పెట్టుకుని, ఇనుము పోతపోసే కరెంటు కొలిమి మొదలుపెట్టినప్పుడు చుట్టూ వరిమళ్ళు, తామరకుంటలు తప్ప మరేమీ లేవు. తర్వాత అటు నుంచి ఒక నగరం, ఇటు నుంచి ఇంకో నగరం పెరుగుతూ వచ్చి మా ప్రహరీ దగ్గర కలుసుకున్నాయి. గోడ అవతల పెద్ద పెద్ద భవనాలు లేచాయి. వాటిలోనే ఒకదాని పై అంతస్తులో షౌచెంగ్ చెల్లెలు యాలాన్ కాపురం.

పొగ పడక ఆమె కూతురికి ఉబ్బసం పట్టుకుంది. కొలిమిని ఎత్తేయాలని భవనాలవాళ్ళు ఫిర్యాదు చేసినప్పుడు ముందు నిలబడింది యాలానే. ఖాళీ చేయమని అధికారులు గడువు పెట్టి, పక్క నగరం పారిశ్రామికవాడలో మాకు షెడ్డు ఇచ్చారు గానీ అక్కడికి కరెంటు రాలేదు. వచ్చేదాకా ఆగమని షౌచెంగ్ తిరగని ఆఫీసు లేదు. గడువు దాటినా కొలిమి ఆపలేదు. ఆపితే మేమంతా ఏం తినాలి?

ఆ మధ్యాహ్నం కొలిమి నిండా ఇనుము కరిగి ఉంది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. గేటు బయట స్తంభం మీద మనిషి, కింద ఓ కుర్ర అధికారి.

"సార్, కాస్త ఆగండి! ఇనుము అచ్చుల్లో పోసేసుకుంటాం, తర్వాత మీరే తాళం వేసుకోండి."

"గడువు ఎప్పుడో అయిపోయింది కదా తాన్ గారూ. నా చేతుల్లో ఏముంది?"

"కరెంటు లేకపోతే కొలిమి వంగదు సార్. ఇనుము లోపలే గడ్డకడుతుంది. ఇక కొలిమి పనికిరాదు!"

"ఫిర్యాదు చేసినవాళ్ళు సరేనంటే పైకి ఫోన్ చేస్తాను."

షౌచెంగ్ పరుగెత్తాడు. వెనకే నేను. యాలాన్ తలుపు తీసింది. భుజం మీద పాప ఊపిరందక రొప్పుతోంది.

"యాలాన్, ఒక్క మాట చెప్పమ్మా వాళ్ళకి. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ముందు దీని ఊపిరి విను అన్నయ్యా."

"ఇదే ఆఖరు. ఒట్టు."

"పోయిన నెలా ఒట్టే పెట్టావు!"

అతను గడపలోనే కూలబడ్డాడు. ఆమె అన్నను చూసింది, పాపను చూసింది. ఏడుస్తూనే అధికారికి ఫోన్ చేసింది. ఆయన పైవాళ్ళకు చేశాడు. పైవాళ్ళు ఇంకెవరినో అడిగారు.

కరెంటు వచ్చి కొలిమి వంచేసరికి నాలుగు చుక్కలు జారి ఆగిపోయాయి. షౌచెంగ్ భార్య రుయిఫెన్ గునపం అందుకుని గట్టిపడ్డ ఇనుమును పొడవసాగింది. చేతులు బొబ్బలెక్కాయి.

"చాలు వదినా, వదిలెయ్," అన్నాను.

"నువ్వూ పొడవరా! చూస్తావేం?"

పొడిచాం. చీకటి పడేదాకా పొడిచాం. లాభం లేకపోయింది.

మావాళ్ళు తలో ఊరికి పని వెతుక్కుంటూ పోయారు. కొన్నాళ్ళకు ఆ కొత్త షెడ్డు చూద్దామని షౌచెంగ్ అంటే, ముగ్గురం వెళ్ళాం. నడుమెత్తు గడ్డి, వరసగా ఖాళీ షెడ్లు, తీగల్లేని స్తంభాలు. అతను లోపలికెళ్ళి సిమెంటు నేల మీద కూర్చున్నాడు.

"లేవయ్యా, ఆఖరి బస్సు పోతుంది," అంది రుయిఫెన్.

"పోనీ."

ఆమె కూడా పక్కనే చతికిలబడింది. ఎంత బతిమాలినా ఇద్దరూ కదల్లేదు.

బస్సు వచ్చింది. ఎక్కింది నేనొక్కణ్ణే.