గుర్తొచ్చిన మనిషి

ఆమె చొక్కా గుండీలు పెడుతుంటే ఆయన బుద్ధిగా గడ్డం పైకెత్తి, "మీకు శ్రమ ఇస్తున్నానండీ" అన్నారు. ఆమె చెయ్యి మూడో గుండీ దగ్గర ఆగిపోయింది. పెళ్ళయి నలభై రెండేళ్ళు. ఆ నోట 'మీరు' అనిపించుకోవడానికి ఆయనకు మతిమరుపు రావలసి వచ్చింది. అంతకు ముందు ఆ ఇంట్లో ఆమె పేరు మొద్దు. చుట్టాల ముందూ మొద్దే, ఇరుగుపొరుగు ముందూ మొద్దే. మాట చాలదనిపించిన రోజున చెయ్యి లేచేది. బయట మాత్రం, స్టేషన్ మాస్టరుగా పనిచేసిన ఆయనంత నెమ్మదస్తుడు లేడని పేరు.

చైనావాళ్ళ పాత కసరత్తు ఒకటుంది, నిదానంగా చేసేది, కొందరికి జ్ఞాపకశక్తి కాస్త కుదుటపడుతుందని డాక్టరు చెప్పాడు. "నువ్వే తీసుకెళ్ళమ్మా, నీకూ కాలక్షేపం" అన్నాడు కొడుకు. పొద్దున్నే నలుగురు అమ్మాయిలకు కుట్టుపని నేర్పేది ఆమె. అది మానేసింది. మానేశావా అని ఎవరూ అడగలేదు. అదీ కాలక్షేపమే అనుకున్నారు కాబోలు.

ఆ కసరత్తు నేర్పే హాల్లో పదిహేనుమంది ముసలివాళ్ళు. నీళ్ళలో చెయ్యి కదిపినట్టు కదపమనేది టీచరమ్మ. ఆకాశాన్ని మోస్తున్నట్టు రెండు చేతులూ మెల్లగా పైకెత్తాలి. పక్కన ఆయన చెయ్యి లేచిన ప్రతిసారీ ఆమె తల దానంతటదే భుజాల్లోకి ముడుచుకుపోయేది. మెడనొప్పి ఉందా అని టీచరమ్మ అడిగితే, ఉందనే చెప్పింది. ఆయన మరిచిపోయారు గానీ, ఆమె ఒళ్ళు మరిచిపోతేగా.

మూడు నెలలకు ఆయన స్నానాలగది తలుపు తానే వెతుక్కున్నారు. ఇవాళ ఏ వారమో చెప్పారు. ఒకరోజు తువ్వాలు అందిస్తుంటే ఆమె మొహంలోకి అదోలా చూసి, "ఏమే..." అని ఆగిపోయారు. మిగతా మాట దొరకలేదు. ఆ మాటేమిటో ఆమెకు తెలుసు.

మర్నాటి నుంచి టీచరమ్మకు ఒంట్లో బాగాలేదని కొడుక్కి అబద్ధం చెప్పి, పదిరోజులు ఆయన్ని ఇంట్లోనే కూర్చోబెట్టింది. పదకొండోనాడు స్నానాలగదిలో ఆయన గోడ తడుముకుంటూ, తలుపెక్కడో తెలియక వణికిపోతూ కనిపించారు. ఆమె చెయ్యి దొరకగానే రెండు చేతులతో పట్టేసుకుని, "నన్నిక్కడ వదిలేసి వెళ్ళకండమ్మా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆ ఏడుపు తను క్లాసు మాన్పించడం వల్ల వచ్చిందే. పగవాడికైనా ఇంత భయం పెట్టకూడదనుకుంది. మర్నాడే మళ్ళీ హాలుకు తీసుకెళ్ళింది. ఒక్కరోజు కూడా మానలేదు.

డాక్టరు పెట్టిన పరీక్షలో మార్కులు పెరిగాయి. ఆ మధ్యాహ్నం కొడుకు భోజనానికి వచ్చాడు. ఆమె కంచం పెట్టి తిరగబోతుంటే వెనక నుంచి వినపడింది.

"ఏమే మొద్దూ, ఉప్పెవడు వేస్తాడు?"

కొడుకు కుర్చీలోంచి లేచిపోయాడు. "అమ్మా, నిన్ను గుర్తుపట్టారే నాన్న" అన్నాడు. వాడి కళ్ళనిండా నీళ్ళు. ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది ఆమె. చిన్నప్పుడు వీడు పడుకున్నది పక్కగదిలోనే. గోడ అవతల వీడికి ఏం వినపడేదో ఆమె ఏనాడూ అడగలేదు. వీడూ చెప్పలేదు.

ఉప్పు తెచ్చి బల్లమీద పెట్టింది. లోపలికెళ్ళి నాలుగు చీరలు సంచిలో సర్దుకుని, అక్కకు ఫోన్ చేసి మేడమీద గది ఖాళీగానే ఉంది కదా అని అడిగింది. తర్వాత కొడుకుని పిలిచి, ఏ మాత్ర ఎప్పుడు వేయాలో చెప్పింది. క్లాసు ఏడింటికని, ఆలస్యమైతే ఆయన కంగారుపడతారని, ఎట్టి పరిస్థితుల్లోనూ మాన్పించొద్దని చెప్పింది.

వాడికి సంచి అప్పుడు కనపడింది. "ఇప్పుడా అమ్మా? ఇన్నేళ్ళు చేసి, ఆయన ఇంత బాగయ్యాకా? ఎందుకు?"

ఆమె చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

"మీ నాన్ననే అడుగు నాన్నా. ఇప్పుడాయనకు గుర్తుంది."