ఫోన్లో అమ్మి

ఫిట్స్ డాక్టరు జమ్మలమడుగుకు ఏ రోజు వస్తాడో ఒక్కోసారి ఆయనకే తెలియదు. అక్కడొక ధర్మాసుపత్రిలో డబ్బు తీసుకోకుండా ఊరకే చూసి, మాత్రలిచ్చి పోతాడు. పల్లెల జనం బస్సుల్లో పడి వచ్చి, తాళం చూసి తిరిగిపోయేవాళ్లు. అందుకే ప్రొద్దుటూరులో నేనూ, నాతో చదువుకున్న సాకేతూ కలిసి ఈ కంపెనీ పెట్టాం. మా నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే చాలు. తిరిగి ఫోన్ వస్తుంది, డాక్టరు వచ్చే రోజు చెబుతుంది. చెప్పే గొంతు నాది. ముందే రికార్డు చేసి పెడతాం.

కొన్ని నంబర్ల నుంచి మాత్రం ఒకదాని వెంట ఒకటి మిస్డ్ కాల్స్ వచ్చేవి. తిరిగి చేసే ప్రతి ఫోనుకూ ఖర్చు మాదే. పనీపాటా లేని ఆకతాయిలని నాకు ఒళ్లు మండిపోయేది.

"ఒకసారి కనుక్కుందాం సంహితా, ఎవురో ఏమో" అన్నాడు సాకేత్.

కనుక్కునే ఓపిక నాకెక్కడిది? అలాంటి నంబర్లు వాటంతటవే బ్లాక్ అయిపోయేలా చేశాను. పులివెందులలో ఒక కాలేజీవాళ్లు పిలిస్తే, స్టేజీ ఎక్కి ఆ తెలివి గురించి గొప్పలు కూడా పోయాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

మొన్న డాక్టరే ఫోన్ చేశాడు. "బిస్మిల్లా బీ అని ఒకామె, మనవరాలు సమీరాను తెస్తాండె. ఈమధ్య రావడం లేదు. మాత్రలు ఆపితే ప్రమాదం. మీ ఫోన్ వాళ్లకు పోతాందా లేదా చూడమ్మా."

వాళ్ల పల్లె పేరూ, నంబరూ చెప్పాడు. ఆ నంబరు బ్లాక్ అయిన వాటిలో ఉంది.

అప్పుడే బస్సెక్కి వాళ్ల పల్లెకు పోయాను. సమీరా గడప మీద కూర్చుని ఉంది. చేతికి మోచేతి దాకా కట్టు. అన్నం వండుతుంటే ఫిట్స్ వచ్చి పొయ్యి మీద పడిందని ఇల్లు చూపించినామె చెప్పింది. అమ్మానాన్నలు కువైట్‌లో పని చేస్తున్నారు. ఇంట్లో ఉండేది అవ్వా, పిల్లా.

"నేను ప్రొద్దుటూరు నుంచి..." అన్నానో లేదో, బిస్మిల్లా బీ గబగబా బయటికి వచ్చింది.

"ఫోన్లో మాట్లాడే అమ్మివి గదా నువ్వు! గొంతు గుర్తుపట్టినాలే. మా మింద కోపం పోయిందా తల్లీ?"

"కోపమేంది అవ్వా?"

"నాదే తప్పులే. నువ్వు ఫోన్ జేసినప్పుడల్లా బాగుండావా, తిన్యావా అని అడుగుతాంటి. మనిషన్నాక అడగల్ల గదా. అంతలోకే నువ్వు తేదీ చెప్పేసి పెట్టేస్తాంటివి. నాకు ఇనపడకపాయ. మల్లా జేస్తాంటి. శానా ఇసిగిచ్చినా నిన్ను. నువ్వు పలకడం మానేసినావు. అడక్కుండానే ఒగసారి పోతే, ఆడ డాక్టరు లేకపాయ."

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆకతాయి అనుకున్న మనిషి ఇన్నాళ్లూ నా మంచిచెడ్డలు అడుగుతూ ఉంది.

"అది రికార్డు అవ్వా, మిషను. ఏమడిగినా పలకదు. నీ నంబరు ఆపేసింది మాత్రం నేనే. పాపకు ఇట్లయింది నా వల్లనే" అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆమె నా తల నిమిరింది. "ఇసిగిస్తే ఎవురికైనా కోపమొస్తాదిలే" అంది. నాలుగు తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

అక్కడే కూర్చుని బ్లాక్ తీసేశాను. "ఇప్పుడు చెయ్యవ్వా" అన్నాను. మిస్డ్ కాల్ ఇచ్చింది. కాసేపటికి ఫోన్ మోగింది, నా గొంతు మొదలైంది. నేను ఎదురుగానే ఉన్నాను. అయినా అవ్వ ఒక చేత్తో ఫోన్ చెవికి ఆనించుకుని, రెండో చేత్తో తన నోరు గట్టిగా మూసుకుంది. సమీరా ఏదో అడగబోతే మాట్లాడొద్దని భయంగా తలూపింది. రికార్డు అయిపోయేదాకా నోటి మీది చెయ్యి తీయలేదు.