చేతులు మాత్రమే కనిపించే వీడియోలు

పొద్దున్నే ఆ రోజు తొలి మేత వేస్తూ నూరుల్లా మరోసారి లెక్క చూసుకున్నాడు. హిందూపురం పక్కనున్న ఈ పట్టుపురుగుల షెడ్డులో పనికి చేరిననాడు అతనికున్నవి ఒక భార్య, పది తిన్నని వేళ్లు. మొదటి ఏడాదే ఆకు కోసే కత్తి కింద ఎడమ చిటికెన వేలు నరం తెగి కొక్కెంలా వంగిపోయింది. చలికాలంలో అది బిగుసుకుపోతే జరీనా కొబ్బరినూనె కాచి పూసేది.

పురుగులు ఆఖరి మేతలో ఉన్నాయి. గూడు కట్టబోయే ముందు ఈ వారం తిన్నంత అవి ఎప్పుడూ తినవు. మల్బరీ కొమ్మలు పరిస్తే చాలు, షెడ్డంతా చినుకులు పడుతున్న చప్పుడు.

ఆరేళ్ల కిందట ఇలాంటి వారంలోనే ధర్మవరంలో మామ, జరీనా తండ్రి, పోయాడు. జరీనా ఒక్కతే రైలెక్కింది. పురుగులను వదిలి కదలలేక నూరుల్లా మూడో రోజు పోయేసరికి సమాధి మీద మట్టి ఆరిపోయింది. ఆమె గొడవపడలేదు.

“నీ పురుగులకు మేత వేళయితాది, పో,” అంది. మళ్లీ రాలేదు. ఫోను ఎత్తలేదు.

ఎండకు తట్టుకునే కొత్త పురుగు మీద పరిశోధన చేస్తున్న సైంటిస్టు అనురాధ, రెండేళ్లుగా ఆ సంగతులన్నీ వీడియోలు తీసి రైతుల కోసం నెట్‌లో పెడుతోంది. గొంతు ఆమెది, చేతులు నూరుల్లావి. అరవై మూడు వీడియోలు. ప్రతిదాంట్లోనూ అతను వంకర వేలు ముందుకొచ్చేలా పురుగును పట్టుకున్నాడు.

ఈ రోజు ఆమె గ్లవుజుల ప్యాకెట్టు తెచ్చింది.

“చూసేవాళ్లు శుభ్రత లేదంటున్నారు నూరుల్లా. ఇక నుంచి ఇవి వేసుకో.”

అతను ప్యాకెట్టును అటూ ఇటూ తిప్పాడు.

“ఇవి ఏసుకుంటే ఎవురి చెయ్యో ఎట్ల తెలుస్తాది మేడం?”

“తెలియాల్సిన పనేముంది? పురుగు కనిపిస్తే చాలదా?”

“పురుగు రైతులకు. చెయ్యి మా ఇంట్లోదానికి. ధర్మవరంలో ఉండాది. చూస్తాదేమోనని...”

 అనురాధ ఫోను తీసి వెతికింది.

“నిన్న ఒక కామెంటు వచ్చింది. ఎవరో ఆకతాయి రాశారనుకుని తీసేయబోయాను. చూడు.”

పేరు లేదు. ఒక్కటే వాక్యం. ఆ వేలికి నూనె పూసుకోమని ఇంకా ఎన్నేండ్లు చెప్పాల?

నూరుల్లా రెండుసార్లు చదివాడు. కొమ్మల మోపు మీద కూర్చున్నాడు. లేచాక తలపాగా విప్పి దులుపుకున్నాడు.

“నేను ధర్మవరం పోతాండా మేడం.”

“ఆఖరి మేతలోనా? పురుగుల్ని ఎవరు చూస్తారు?”

“పోయినసారి నేనూ ఇదే మాటన్నా.”

ఆమె బారుగా ఉన్న తట్టల వైపు చూసింది. చీర చెంగు బొడ్లో దోపుకుంది.

“మధ్యాన్నం మేత రెండింటికి. తడి ఆకు ఎయ్యొద్దండి,” అన్నాడు.

“అరవై మూడు వీడియోల్లో ఆ మాట చెప్పింది నేనే కదయ్యా.”

“చెప్పినారు. ఎప్పుడూ ఎయ్యలేదు.”

ఆమె నవ్వింది. అతను కాళ్లు కడుక్కుని స్టేషను దారి పట్టాడు.

రైలు పెనుకొండ దాటుతుంటే లెక్క ముగించాడు. పన్నెండేళ్ల పని, అరవై మూడు వీడియోలు, బదులుగా వచ్చినవి ఏడు మాటలు. ఎటు తిప్పి చూసినా నష్టం కనిపించలేదు.

షెడ్డులో, ఆకు కత్తి పక్కన, గ్లవుజుల ప్యాకెట్టు విప్పకుండానే ఉంది.