సాహెబుకు ఒక మెట్టు ఎక్కువ

"పక్షవాతం వచ్చిన ప్రతి పేదవాడికీ పదిహేను రోజుల్లో ఉచిత చికిత్స. అవసరమైతే మా వ్యాన్ మీ గుమ్మానికే వస్తుంది."

పునరావాస కేంద్రం గోడ మీద ఈ మాట మూడు భాషల్లో ఉంది. కేంద్రం మాత్రం మొదటి అంతస్తులో ఉంది. లిఫ్ట్ లేదు. కాళ్ళు ఆడనివాళ్ళ కోసం పెట్టిన ఆఫీసుకు పంతొమ్మిది రాతిమెట్లు.

ప్రతి సోమవారం పొద్దున్నే సాక్షి తండ్రిని వీపున మోసుకుని కామాటిపుర పదకొండో గల్లీ నుంచి బయల్దేరుతుంది. వెనకే తల్లి మల్లవ్వ, కాగితాల సంచితో. తండ్రి బక్కయ్య తాపీ మేస్త్రీ. ఆగస్టు పద్నాలుగున గోడ కడుతుండగా ఒంట్లో కుడిపక్క పడిపోయింది. చెవి మీది పెన్సిల్ మాత్రం ఇప్పటికీ తియ్యలేదు. "ఆరు నెలల్లోపు చికిత్స మొదలవ్వాలి. ఆ తర్వాత కష్టం," అన్నాడు డాక్టరు.

పైన ఆఫీసులో సాహెబు కాగితాలు తిప్పి చూస్తాడు. వాళ్ళుండే ఖోలీ గది రసీదు మీద బక్కయ్య తాత పేరుంది. ఆయన పోయి నలభై ఏళ్ళు.

"ఉద్యా యా," అంటాడు సాహెబు. రేపు రమ్మని.

కిటికీలోంచి చూస్తే వ్యాన్ సముద్రం వైపు టవర్లకు పోతుంటుంది. అక్కడివాళ్ళు ఒక్క ఫోన్ చేస్తే చాలు. తాతల పేర్లు ఎవరూ అడగరు.

"హక్కు అడుక్కునేది కాదవ్వా, గుంజుకునేది," అంది సాక్షి మెట్లు దిగుతూ.

"గుంజుకుందువు తియ్. ముందు మీ నాయిన చెప్పు జారుతున్నది, చూడు."

ఆ మెట్లు కట్టింది మల్లవ్వ ముత్తాత. మెట్లు పూర్తయ్యాక మేస్త్రీ పైనుంచి దిగుతూ ఒక్కో రాయినీ అరచేత్తో తట్టి "మోస్తవా?" అని అడగడం వాళ్ళింటి ఆచారం. దసరా ముందు సోమవారం మల్లవ్వ కిందిమెట్టు మీద కూర్చుని రాయిని తట్టింది.

"మా బరువు నువ్వు మొయ్యి. సాహెబుది సాహెబునే మొయ్యనియ్యి."

పై వారం సాక్షికి మెట్లు పద్దెనిమిదే. ఎవరినైనా తిప్పి పంపిన ప్రతిసారీ ఆ మనిషికి ఒక మెట్టు తగ్గింది, సాహెబుకు ఒకటి పెరిగింది. ప్యూన్ పొద్దున్నే లెక్క చెప్పేవాడు: "ఈ రోజు నూట పన్నెండు, సాహెబ్." సాహెబు దారిలో తినడానికి రెండో అన్నం డబ్బా కూడా తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. "ఉద్యా యా" అనడం మాత్రం మానలేదు.

మెట్లు అయిదైన రోజు బక్కయ్య కూతురి వీపు దిగాడు. గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ తానే ఎక్కాడు. చెయ్యి ఇంకా కదల్లేదు.

ఫిబ్రవరి మొదటి సోమవారానికి వాళ్ళకు మెట్లు మూడు, సాహెబుకు ఏడు వందలు. వాళ్ళు వెళ్ళేసరికి ఆయన నడిమెట్టు మీద కూలబడి ఉన్నాడు. పొద్దున ఎక్కడం మొదలుపెట్టిన మనిషికి సగంలోనే మోకాళ్ళు పట్టేశాయి.

"వ్యాన్ పిలువమ్మా," అన్నాడు.

"చిరునామా ఏది సాహెబ్? ఈ మెట్టుకు నీ పేరున రసీదున్నదా?" అంది సాక్షి.

"ఉద్యా యా," అంది మల్లవ్వ.

బక్కయ్య ఎడమచేత్తో పెన్సిల్ తీశాడు. సాహెబు పక్కన, మల్లవ్వ ముత్తాత చెక్కిన రాతి మీద, వంకర అక్షరాలతో రాశాడు: మా గల్లీకి వ్యాన్ ఎప్పుడు? జవాబు వచ్చేదాకా ఈ రాయి నిన్ను దించదు. గడువు, ఫిబ్రవరి 14.