కొయ్యకాళ్ళు తీసేసిన మెట్ట

కార్ఖానా సఫాయి వారంలో తమ షాపు నేలను అద్దంలా ఉంచినందుకు ఫోర్‌మన్ వచ్చి అప్పలసూరి భుజం తట్టాడు. తట్టింది భుజాన్నే గాని, ఎక్కింది మాత్రం తలకి. ఆ ఏడు, అంటే యాభై ఎనిమిదిలో, వానలకు ముందు సెలవు పెట్టి ఇనప నాగలితో పొలం మీద పడ్డాడు.

సోనారి బస్తీ దాటాక నదివైపు వాళ్ళకి రెండు చెక్కల భూమి ఉంది. పల్లంలో బంకమన్ను మడి, దాని పైన వాలులో ఎర్రమెట్ట. నిరుడు మడిని లోతుగా దున్నితే వరి విరగపండింది. మెట్ట మీద మాత్రం భార్య చిన్నమ్మి ఎనిమిదేళ్ళుగా నాగలి పెట్టనివ్వలేదు. కోసిన పైరు మొదళ్ళను, ఆ కొయ్యకాళ్ళను, అలాగే వదిలేసి, మధ్యన గునపంతో బెజ్జాలు పొడిచి ఉలవలు వేసేది.

"ఏటే ఈ చెత్త? మా షాపులో కింద ఒక్క మేకు కనపడితే ఛార్జిషీటే!"

"ఇది మీ షాపు కాదయ్యా, నేల. దానికీ ఒంటిమీద గుడ్డుండాల."

"చీర కట్టిత్తావేటి? రవిక కూడా కుట్టించీ!"

చెల్లెలి పురిటికని చిన్నమ్మి భాలుబాసా బస్తీకి వెళ్ళింది. ఆ వారంలోనే అతను కొయ్యకాళ్ళన్నీ పీకి తగలబెట్టాడు. వాలు పైనుంచి కిందికి రైలు పట్టాల్లా తిన్నగా మూడుసార్లు దున్నాడు. మెట్ట మొక్కు తీర్చుకున్న గుండులా మెరిసింది.

"ఏక్‌దమ్ సాఫ్!" అనుకున్నాడు.

సాఫే అయింది. మొదటి పెద్దవాన ఒక్క పూట కురిసింది. అతను గీసిన చాళ్ళే కాలవలయ్యాయి. పొడి చేసిన మన్నంతా ఎర్రనీళ్ళై మడి మీదుగా నదిలోకి పోయింది. మడికి చుట్టూ గట్టుంది, నిలిచింది. మెట్టకి ఉన్నవి ఆ కొయ్యకాళ్ళే. వాటిమీదే అది నిలబడి ఉందని అతనికి అప్పుడు తెలిసింది.

చిన్నమ్మి వచ్చి గునపం దించింది. ఎప్పుడూ జానెడు దిగేది, ఈసారి రాతికి తగిలి ఖంగుమంది. ఇంకోచోటా ఖంగుమంది. అక్కడే కూలబడింది.

"దుక్కి కాస్తా దుక్కమైపోనాదే," అన్నాడు నవ్వించబోయి. ఆమె నవ్వలేదు.

"పోనీ, తిట్టవే."

"తిడితే వత్తాదేటి మన్ను?"

ఆ తర్వాత ప్రతి కోతకీ, డ్యూటీ దిగగానే, మడిలోని గడ్డి నెత్తిన మోసి మెట్టమీద పరిచేవాడు. షాపులో ఎవరైనా చీపురు అందిస్తే చెయ్యి వెనక్కి పోయేది.

మూడో ఏడు చిన్నమ్మి గునపం గుచ్చి, దిగినంత మేర వేళ్ళతో కొలిచింది.

"రెండేళ్ళ లోతు," అంది.

జానెడుకి ఇంకెన్ని వేళ్ళో, ఇంకెన్ని ఏళ్ళో అతను అడగలేదు. గడ్డిమోపు విప్పాడు.