ఇరవై నాలుగు సంతాపాలు

మాది సాయంత్రం పేపరు. పొద్దున పదకొండింటికి ప్రెస్సు రోలర్లు మా మెషిన్‌మ్యాన్‌ని లోపలికి లాగేసుకున్నాయి. ప్రెస్సులో అందరికీ ఆయన అన్న. రోలర్ల మీద ఉండాల్సిన ఇనుప జాలీని యజమాని నెల క్రితమే ఊడదీయించాడు. జాలీ ఉంటే పని నెమ్మదిస్తుందట! ప్రాణం పోయిన గంటకే మెషిన్ కడిగించి మళ్లీ తిప్పించాడు.

అందులోంచే వార్త వచ్చింది: "తాగిన మత్తులో యంత్రంలో పడ్డ కార్మికుడు." పైన ఎప్పటిలాగే పెద్దక్షరాల్లో, "సత్యమే మా ఊపిరి".

మూడోనాడు వదిన ఆ పేపరు పట్టుకుని ఎడిటర్ గదికి వెళ్లింది. వెనకే మేం నలుగురం.

"ఆయన చుక్క ముట్టడు సార్. ఆ ముక్క సరిదిద్దండి. నా కూతురు బడికి పోనంటోంది."

ఎడిటర్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "ఇప్పుడు పేపరెవరు చదువుతున్నారమ్మా? అంతా ఫోన్లే. రేపటికి మర్చిపోతారు."

"ఫోన్లో వస్తే పుకారంటారు. మీరు అచ్చేస్తే నిజమంటారు. చదవనిదానికి రాయడమెందుకయ్యా?"

పెద్దమనిషి గంట కొట్టి ప్యూన్‌ని పిలిచాడు.

క్యాంటీన్‌లో గొడవ మొదలైంది.

"సమ్మె చేద్దాం!" అన్నాడు ప్యాకరు.

"చేస్తే యజమాని ఇంకోచోట అచ్చేయించుకుంటాడు. ఈ పేపర్లోనే వాణ్ని కడిగెయ్యాలి," అన్నాడు ఫిట్టరు.

ప్రకటనల కౌంటరు అమ్మాయి నెమ్మదిగా అంది: "సంతాప ప్రకటనలు అచ్చుకు ముందు ఎవరూ చదవరన్నా. డబ్బు కట్టి ఫొటో ఇస్తే చాలు, నేరుగా అచ్చు ప్లేటుకు వచ్చేస్తాయి."

ప్లేట్లు చేసేది నేనే.

మర్నాడు ఒక పేజీ నిండా ఇరవై నాలుగు సంతాపాలు. అన్నిట్లో అన్న ఫొటోనే. "ఆ పొద్దున అన్న నాతో టీ తాగాడు, సారా కాదు: ప్యాకరు." "యజమాని చెబితే జాలీ ఊడదీసింది నేనే. నన్ను క్షమించన్నా: ఫిట్టరు."

అప్పటికే పేపరు బజార్లో ఉంది. యజమాని ఊగిపోతూ కిందికొచ్చాడు.

"ఎవడ్రా ఇది చేసింది?"

"మీ పేపర్లోనే ఉంది కదా సార్, చదువుకోండి!" అంది కౌంటరు అమ్మాయి.

యజమాని పిలిపించిన పోలీసు ఇన్‌స్పెక్టర్ ఆ పేజీ చూసి, సంతాపాల కింద ఉన్నవాళ్లని హాజరు పిలిచాడు. ఒక్కొక్కరం "నేనే" అంటూ వ్యానెక్కాం. గేటు దగ్గర వదిన కూతురి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. పిల్ల చంకలో పేపరు.

ప్రెస్సు లోపల యజమాని అరుస్తుంటే వ్యాన్‌లోకి వినపడుతోంది. "ఖండన వెయ్యాలి! మెషిన్ ఆన్ చెయ్యండ్రా!"

మిగిలినవాళ్లు కదల్లేదు. "ముందు జాలీ బిగించండి సార్."

"బిగించి చావండి!"

"బిగించేవాడు వ్యాన్‌లో ఉన్నాడు సార్."

ఫిట్టరు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.