ఐస్ వ్యాను మీద అక్షరాలు

"ఖాళీగానే ఉన్నావుగా, కిందికొచ్చి కాసేపు షాపులో నిలబడు" అని విజయ్ పాల్ అన్నప్పుడు ప్రిస్కిల్లా చేతుల్లో రెండు కిలోల బొచ్చె ముక్కలున్నాయి. వాటిని మూడోసారి కడుగుతోంది. అంత చేప కడుగుతున్న మనిషిని పట్టుకుని ఖాళీగా ఉన్నావనడానికి ఎంత ధైర్యం కావాలో అతనికి తెలియదు. పద్నాలుగేళ్ళ కాపురంలో అతను ఆ మాట అనని వారం లేదు, ఆమె ఖాళీగా ఉన్న పూటా లేదు. పులుసు పెట్టే పని అత్తగారు సంపూర్ణమ్మకి అప్పజెప్పి, చేతులు తుడుచుకుంటూ మెట్లు దిగింది. వాళ్ళ ఇల్లు మేడ మీద, షాపు కింద. భీమవరంలో జువ్వలపాలెం రోడ్డున పోయేవాళ్ళందరికీ కనబడేట్టు ‘విజయ్ స్టిక్కర్స్’ అని ఎర్ర బోర్డు ఉంటుంది.

ఆ రోజు షాపులో కొత్త మిషను బిగించారు. వినైల్ అనే ప్లాస్టిక్ స్టిక్కరు షీటు మీద బొమ్మ ప్రింటు చేసి, అంచు వెంబడి తనే కోసిపెట్టే మిషను. బిగించడానికి వచ్చిన కంపెనీ మనిషి నేర్పించాల్సింది విజయ్ పాల్‌కి. విజయ్ పాల్‌కేమో ఫోన్ల మీద ఫోన్లు. "నువ్వు వింటూ ఉండు, నాకు తర్వాత చెబుదువుగాని" అని బయటికి వెళ్ళినవాడు, కాఫీ వచ్చినప్పుడు తప్ప లోపలికి రాలేదు. ఆ కంపెనీ మనిషి పాపం మంచివాడు, ఎదురుగా ఉన్నది ఆడమనిషి కదా అని ఏదీ దాచలేదు. వినైల్ రోలు వంకర పోకుండా ఎలా ఎక్కించాలో, కత్తి ఎంత లోతు దిగితే పై పొర తెగి కింది కాగితం తెగకుండా ఉంటుందో, ఈ ఇంకు చేతికి ఆరినట్టే ఉన్నా లోపల ఒక రోజంతా పచ్చిగానే ఉంటుందని, ఆ రోజు ఆగకుండా పైన లామినేషన్ పొర వేస్తే రెండూ కలిసి లేచిపోతాయని, అన్నీ చెప్పాడు. ప్రిస్కిల్లా అన్నీ వింది. తర్వాత చెప్పమని విజయ్ పాల్ ఎప్పుడూ అడగలేదు, ఆమే చెప్పబోతే "తెలుసులే" అన్నాడు.

మొదటి నెలంతా ఆమె ప్రతాపానికి ఇంట్లో వస్తువులే బలైపోయాయి. ఫ్రిజ్ తలుపుకి గులాబీలు, బియ్యం డబ్బాకి ‘బియ్యం’ అన్న అక్షరాలు, కూతురు తబిత నీళ్ళ సీసాకి దాని పేరు. అంటించిన ప్రతిదాంట్లోనూ బుడగలే. ఒక మూల అదిమితే ఇంకో మూలకి పారిపోయేవి. చివరికి మధ్యలో మొదలుపెట్టి అంచులకి తోసుకుంటూ రావాలని చేతికే తెలిసింది. కోసిన అక్షరాల చుట్టూ మిగిలిన వినైల్ని సూది మొనతో లేపి ఒలిచేయడం ఆమెకి అన్నిటికంటే ఇష్టమైన పని. ‘క్ష’ లోపలి చిన్న ముక్కని చిరగకుండా లేపినప్పుడు కలిగే తృప్తి ఆమెకి ఏ పండగ వంటలోనూ కలగలేదు. వంట తినేస్తే అయిపోతుంది. ఇది రోడ్డు మీద తిరుగుతూనే ఉంటుంది.

తప్పులు చేయలేదా అంటే చేసింది. సామ్యేలు పాస్టరుగారి చర్చి వ్యానుకి ముందద్దం మీద పేరు కావాలంటే, వానకి తడవకుండా లోపలివైపు నుంచి అంటించింది. లోపల అంటించేదాన్ని తిరగేసి కొయ్యాలన్న సంగతి అప్పటికి తెలియదు. బయటినుంచి చూస్తే అక్షరాలన్నీ తలకిందులు కాలేదుగానీ ఎడం కుడి అయిపోయాయి. పాస్టరుగారు నవ్వి, ముందు వెళ్ళేవాళ్ళు వాళ్ళ అద్దంలో సరిగ్గానే చదువుకుంటారులేమ్మా, అంబులెన్సుకి అలాగే రాస్తారుగా అన్నారు. మర్నాడే ఊడదీసి మళ్ళీ వేసింది. ఆ మళ్ళీ వేసిన సంగతి విజయ్ పాల్ ఎక్కడా చెప్పడు. మొదటిది మాత్రం ప్రతి పెళ్ళిలో, ప్రతి ప్రార్థన కూటంలో చెప్పి అందరినీ నవ్విస్తాడు. పని బాగుంటే ‘మేం చేశాం’, తేడా వస్తే ‘మా ఆవిడ చేసింది’. ప్రిస్కిల్లా కూడా వాళ్ళతోపాటు నవ్వేది. మొహానికి అలా అలవాటైపోయింది.

ఉండి రోడ్డులో ఐస్ ఫ్యాక్టరీ ఉన్న గంగాధర్ గారి పని వచ్చింది ఆ సమయంలోనే. ఆయనవి ఆరు వ్యాన్లు. రొయ్యల చెరువులకి ఐసు మోసుకెళ్ళి, చెరువులో వల వేసి పట్టే పట్టుబడి అయ్యాక అదే ఐసులో రొయ్యల్ని తెచ్చే డబ్బా వ్యాన్లు. ముందు ఒక వ్యానుకి వేసి చూపించమన్నారు. శనివారం ఉదయానికల్లా ఇచ్చేస్తానని విజయ్ పాల్ మాటిచ్చేశాడు. ప్రిస్కిల్లా శుక్రవారం సాయంత్రం ప్రింటు తీసి, రేపు సాయంత్రం దాకా ఆరనివ్వాలండీ అంది. "గంగాధర్ గారిలాంటి మనిషిని ఆగమంటామా? ముట్టుకుని చూడు, ఆరిపోయింది" అన్నాడు అతను. తెల్లారేసరికి లామినేషన్ పొర వేసేసి, అప్పుడే చెరువు నుంచి వచ్చి కడుగుతున్న వ్యానుకి అంటించి, ఆదివారం చర్చిలో అందరికీ ఫోటో చూపించాడు.

మంగళవారం గంగాధర్ గారి ఫోను వచ్చింది. విజయ్ పాల్ స్పీకర్లో పెట్టి మాట్లాడుతున్నాడు, ఎదురుగా ప్రిస్కిల్లా సూదితో వినైల్ ఒలుస్తోంది. రొయ్య బొమ్మ తలకాయ లేచిపోయిందని, అక్షరాలు గాలికి ఊగుతున్నాయని ఆయన చెబుతున్నారు. విజయ్ పాల్ తడుముకోలేదు.

"మా ఆవిడ చేసిందండి. ఇంకా నేర్చుకుంటుంది. ఒకటో తారీఖు నుంచి రాజమండ్రి నుంచి ఆపరేటర్ వస్తున్నాడండి, ఇక ఇలాంటివి ఉండవు" అన్నాడు.

ప్రిస్కిల్లా చేతిలో సూది ఆగింది. అబద్ధం ఒకటి, కబురు ఒకటి, రెండూ ఒకే ఊపిరిలో విన్నది. అబద్ధం కొత్తది కాదు కాబట్టి దాన్ని పక్కన పెట్టింది. ఆపరేటర్ సంగతి కొత్తది. ఒకటో తారీఖుకి ఇంకా పదకొండు రోజులుంది. అంటే పదకొండు రోజుల తర్వాత ఈ స్టూలు మీద ఇంకెవరో కూర్చుంటారు. తను మెట్లెక్కి పైకి వెళ్ళిపోవాలి. అడిగితే అతను ఆశ్చర్యపోయాడు. "నీ మంచికేగా? ఎన్నాళ్ళని కష్టపడతావు?" అన్నాడు. మేడ మీద సంపూర్ణమ్మ ఇంకో మెట్టు ఎక్కువే సంతోషించింది, "పోన్లేమ్మా, ఆ ఇంకు కంపు తప్పుద్ది. హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు" అంది. ఇంటిపట్టున హాయి ఎంతుందో నలభై ఏళ్ళు ఆ పట్టున ఉన్న ఆవిడకి తెలియదా అనుకుంది ప్రిస్కిల్లా. తెలిసీ ఎందుకంటారో, తను కూడా ఇంకో ఇరవై ఏళ్ళకి తబితతో ఇలాగే అంటుందేమో అనిపించింది. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అదీ నిలకడగా వచ్చింది. షాపు తను కావాలనుకుని రాలేదు, ఖాళీ అని పిలిస్తే వచ్చింది. ఇప్పుడు దాన్ని వదులుకోవడం మాత్రం తనవల్ల కాదు. ఆ సంగతి ఆమెకి ఆ మధ్యాహ్నమే తేటతెల్లమైంది.

ఎవరూ పంపకుండానే స్కూటీ తీసుకుని ఉండి రోడ్డుకి వెళ్ళింది. ఊడిపోయిన వ్యాను షెడ్డు పక్కనే ఉంది. లేచిన అంచు పట్టుకుని చూస్తే లామినేషన్ పొర ఒకచోట, ప్రింటు ఒకచోట. ఇది ఆరకపోవడం వల్ల. డబ్బా మీద అరచెయ్యి ఆనించింది. లోపలి ఐసుకి తలుపుల చుట్టూ చెమ్మ పట్టి చల్లగా ఉంది. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూసింది. పైకి తళతళలాడుతున్న రేకు మీద సన్నటి జిడ్డు. చేప వండిన గిన్నె ఒకసారి కడగగానే శుభ్రంగానే కనబడుతుంది, అందులో పాలు పోసినవాళ్ళకే దాని సంగతి తెలుస్తుంది. ఇన్నేళ్ళూ రోజూ ఆ జిడ్డుతోనే కదా తన పోరాటం. దీని మీద అంటిస్తే అక్షరం రేకుకి అంటుకోదు, జిడ్డుకి అంటుకుంటుంది.

కుర్చీలో కూర్చున్న గంగాధర్ గారు మీ ఆయన రాలేదా అని అడిగారు. ఎందుకు ఊడిందో చూడ్డానికి తనే వచ్చానంది.

"చేసింది మీరేనటగా" అన్నారాయన, విసుగ్గానే.

పదిమందిలో మొగుడి మాట కింద పడనివ్వకూడదని పెళ్ళికి ముందు తల్లి చెప్పింది, పెళ్ళయ్యాక అత్తగారు చెప్పింది. వాళ్ళిద్దరికీ ఇంకే విషయంలోనూ పడదు. ప్రిస్కిల్లా ఒక్క క్షణం ఆలోచించింది.

"ప్రింటు తీసింది నేనేనండి. ఆరకముందే పొర వేసి, తడి వ్యానుకి అంటించింది ఆయన. నేనైతే ఆ రోజు అంటించేదాన్ని కాదండి" అంది.

ఆయన ఆమె వంక మొదటిసారి సరిగ్గా చూశారు. ఆమె అక్కడితో ఆగకుండా, ఒక వ్యానుని తనకి రెండు రోజులు వదలమంది. ఐసంతా దింపేసి, తలుపులు తీసి ఒక రోజంతా ఎండలో నిలబెట్టాలి. ఆ రోజే అక్కడ షాపులో ప్రింటు కూడా ఆరుతుంది. రెండో రోజు తను వచ్చి వేస్తుంది. పట్టుబడుల సీజన్లో వ్యాను రెండు రోజులు ఆపడమంటే మాటలా అని ఆయన గొణిగి, మీ ఆయన్ని పంపండి, మాట్లాడుకుంటాం అన్నారు.

"ఆయనైతే రేపే అంటారండి. రేపు వేస్తే ఎల్లుండి మళ్ళీ ఊడుద్దండి."

గంగాధర్ గారు కుర్చీలోంచి లేచి, ఊడిన అంచుని తనే పట్టుకుని చూశారు. తర్వాత డ్రైవర్ బుల్లియ్యని పిలిచి, నాలుగో నంబరు వ్యాను ఖాళీ చేయించమన్నారు.

గురువారం పొద్దున్న ప్రిస్కిల్లా షాపు నుంచి ఒక్కతే వచ్చి ఆ వ్యాను దగ్గర నిలబడింది. సబ్బునీళ్ళతో రెండుసార్లు, నిమ్మకాయ పిండిన నీళ్ళతో ఒకసారి కడిగించి, ఎండాక స్పిరిట్ ముంచిన గుడ్డతో తుడిచింది. వేలితో రుద్దితే కీచుమనేదాకా తుడిచింది. స్టిక్కర్ని మధ్యలో టేపుతో నిలబెట్టి, సగం కాగితం ఒలిచి, గుడ్డ చుట్టిన ప్లాస్టిక్ కార్డుతో నడుమ నుంచి అంచులకి అదుముతూ వచ్చింది. రేకు మీద రివెట్లున్న చోట వేడిగాలి పట్టి, మెత్తబడ్డాక బొటనవేలితో చుట్టూ దిద్దింది. పోయినసారి మీ ఆయనేమో ముందే బండ వేడి పెట్టేసి, తర్వాత అదిమేశారండి అన్నాడు పక్కనే ఉన్న బుల్లియ్య. ఆమె బ్యాగులో ఫోను మోగుతూనే ఉంది. అత్తయ్యగారికి ఆవాలు కనబడి ఉండవు, లేదా విజయ్ పాల్‌కి నీలం చొక్కా. ఒక చెయ్యి స్టిక్కరు మీదుంటే రెండో చెయ్యి కార్డు మీదుంది, ఎత్తడానికి మూడో చెయ్యి లేదు. ఆ సంగతి తలచుకుంటే ఆమెకి చెప్పలేనంత హాయిగా అనిపించింది.

వారం గడిచింది. ఆ వ్యాను ఐసు మోసింది, రొయ్యలు మోసింది, రోజూ పైపు పెట్టి కడిగించుకుంది. ఒక్క అంచు కూడా లేవలేదు. మిగతా ఐదు వ్యాన్లకీ ఆ అమ్మగారినే పంపండి, ఎన్ని రోజులాగమంటే అన్ని రోజులాగుతాం అని గంగాధర్ గారు ఫోను చేసి చెప్పారు. విజయ్ పాల్ ఆ ఫోను పెట్టేసి మహా ఉషారుగా షాపంతా తిరిగాడు. మన షాపు సంగతేంటో ఆయనకి ఇప్పుడు తెలిసొచ్చిందన్నాడు. తర్వాత స్టూలు లాక్కుని ప్రిస్కిల్లా ఎదురుగా కూర్చున్నాడు.

"ఒకటో తారీఖు ఎల్లుండేగా. ఆపరేటర్ వచ్చాక ఒక పది రోజులు నువ్వే దగ్గరుండి వాడికి పని నేర్పించు. తర్వాత నువ్వు హాయిగా పైన ఉండొచ్చు."

పని రాదని కాదన్నమాట. వచ్చిన పనిని ఇంకో చేతికి అప్పజెప్పి వెళ్ళమంటున్నాడు. ప్రిస్కిల్లా తిన్నగా అతని మొహంలోకి చూసింది. అందులో కుట్ర ఏమీ లేదు, నిజంగానే ఆమెకి మేలు చేస్తున్నాననుకుంటున్నాడు. అందుకే గొంతు పెంచకుండా చెప్పింది.

"ఆపరేటర్‌ని రావద్దని చెప్పండి. మిషను దగ్గర నేనుంటాను. జీతమిచ్చి మనిషిని పెట్టాలనుకుంటే ఇంటికి పెట్టండి."

"ఇంటికా? ఇంట్లో ఏం పనుంటది మనిషిని పెట్టడానికి?"

వెటకారం కాదు, అతనికి నిజంగానే తెలియదు. ప్రిస్కిల్లా టేబులు మీది బిల్లు పుస్తకం వెనక అట్టని అతని ముందుకి జరిపి, జేబులోని పెన్ను తీయమంది.

"రాసుకోండి. నాలుగున్నరకి లేవాలి. గుమ్మం ఊడ్చి కళ్ళాపి. రాత్రి గిన్నెలు."

అతను నవ్వుతూనే రాయడం మొదలుపెట్టాడు. ఆమె చెబుతూ పోయింది. పాలు కాచడం, అత్తయ్యగారి షుగరు మాత్ర, దానికి ముందు రెండు బిస్కెట్లు. తబితని మూడుసార్లు లేపడం, జడలు, టిఫిను, డబ్బాలోకి వేరే కూర, ఎందుకంటే టిఫిను చట్నీ అది తినదు. అతని చొక్కా ఇస్త్రీ, మేజోళ్ళు వెతకడం. ఎప్పుడు దిగి వచ్చిందో, మెట్ల దగ్గర గోడ పట్టుకుని సంపూర్ణమ్మ నిలబడి ఉంది. వింటూ వింటూ మెల్లగా కలగజేసుకుంది.

"కుళాయి నీళ్ళు పట్టడం మర్చిపోయావమ్మాయ్. ఐదింటికొస్తాయి, అరగంటే" అంది.

విజయ్ పాల్ తల్లి వంక చూసి, నవ్వు ఆపేసి, అదీ రాశాడు. అట్ట నిండిపోయింది. ఇక అయిందా అన్నట్టు పెన్ను మూత పెట్టబోతుంటే, ప్రిస్కిల్లా వినైల్ వెనక ఒలిచిన తెల్లకాగితం బారెడు చింపి అతని ముందు పరిచింది.

"మూత పెట్టకండి, ఇంకా పొద్దున్న ఎనిమిదింటిదాకానే చెప్పానండి" అంది.